చిక్కుల్లో పడిన ప్రభుత్వ భవనం పని: కాంట్రాక్టర్ క్లెయిమ్ ఫైలు ఎలా నడపాలి

18 నెలల్లో అప్పగించాల్సిన ఆస్పత్రి బ్లాకు నాలుగో ఏడాదిలోకి వచ్చింది. సాయిల్ రిపోర్టులో ఉన్న నేల వేరు, తవ్వాక కనిపించిన నేల వేరు. ఫౌండేషన్ డ్రాయింగులు మారాయి. మధ్యలో బడ్జెట్ లేక బిల్లులు ఆగాయి, కాంట్రాక్టర్ కూలీలను తీసేశాడు, ఆరు నెలల తర్వాత మళ్లీ తెచ్చాడు. ఇప్పుడు డివిజన్ ఆఫీసు టపాలో ఓ లావుపాటి కవరు వచ్చింది. అందులో పది పన్నెండు హెడ్ల (పద్దుల) కింద క్లెయిములున్నాయి, అన్నీ కలిపితే ఒప్పందం విలువలో సగానికి దగ్గరగా ఉంది.

ఆ కవరు మీ టేబుల్ మీదికి వస్తే ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొత్తగా డీఈఈలు (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్లు), ఈఈలు (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్లు) అయినవాళ్లకూ, డివిజన్‌లో అకౌంట్స్ చూసేవాళ్లకూ ఇది ముఖ్యంగా ఉపయోగపడుతుంది. చాలా ఆఫీసుల్లో ఇలాంటి ఫైలు మీద మొదట వినిపించే మాట "అన్నీ రిజెక్ట్ చేసేద్దాం, కోర్టులో చూసుకుందాం". ఆడిట్, విజిలెన్స్ భయంతో అనే మాటే అది, ఆ భయం నాకూ అర్థమవుతుంది. కానీ ప్రభుత్వ సొమ్ముకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేదీ అదే. ఇవ్వాల్సిన కోటి రూపాయలు ఇవ్వకుండా ఆరేళ్లు వ్యాజ్యంలో నలిగితే, 10 శాతం సాధారణ వడ్డీ వేసుకున్నా మరో 60 లక్షలు కలుస్తాయి. లాయర్ల ఫీజులు వేరు. అవన్నీ మరో ఆస్పత్రికో బడికో పోవాల్సిన డబ్బులు.

ముందుగా జవాబు రాయండి

కవరు మీద అందిన తేదీ ముద్ర వేయించండి. అదే వారంలో చిన్న జవాబు పంపండి. ఉత్తరం అందిందనీ, పరిశీలిస్తున్నామనీ, దీన్ని క్లెయిము ఒప్పుకున్నట్టుగా భావించరాదనీ రాస్తే చాలు. దాంతోపాటు ఒక్కో హెడ్‌కి ఏ ఆధారాలు కావాలో అడగండి. కూలీల మస్టర్ రోల్స్, యంత్రాల అద్దె బిల్లులు, లాగ్ బుక్కులు, ఆ సంవత్సరాల ఆడిట్ అయిన లెక్కలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఆ జాబితాలో ఉండాలి. ఇవ్వడానికి గడువు కూడా పెట్టండి.

కాంట్రాక్టర్ రాసిన ఇరవై ఉత్తరాలకు శాఖ ఒక్క జవాబూ ఇవ్వలేదంటే, వాటిలో రాసింది నిజమేనని ఆర్బిట్రేటర్ (కోర్టు బయట వివాదం విని తీర్పు చెప్పే వ్యక్తి) అనుకోవడానికి అదొక్కటే చాలు.

ఒప్పందం పూర్తిగా చదవండి, పాత ఫైలు చూసి రాయకండి

వేరే పనిలో వేరే క్లెయిముకు రాసిన రిమార్కులను కాపీ చేసే అలవాటు ఆఫీసుల్లో ఉంది. దాన్ని మానేయండి. ఈ పని ఒప్పందంలో సాధారణ షరతులేంటి, ప్రత్యేక షరతులేంటి, రెండూ పొసగనప్పుడు ఏది చెల్లుతుందో ముందు తేల్చుకోండి. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) ఒప్పందమైతే ఆలస్యానికి పరిహారం 2వ క్లాజులో, గడువు పొడిగింపు 5లో, ధరల పెరుగుదల 10సీసీలో, డీవియేషన్లు (పనిలో మార్పులు), ఎక్స్‌ట్రా ఐటమ్స్ (ఒప్పందంలో లేని అదనపు పనులు) 12లో, వివాదాల పరిష్కారం 25లో ఉంటాయి.

మన తెలుగు రాష్ట్రాల ఒప్పందాల్లో స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్ 59వ క్లాజు గురించి వినే ఉంటారు. పనిలో ఆలస్యాలు, ఆటంకాలు వచ్చినా పరిహారం అడగకూడదని, గడువు పొడిగింపు మాత్రమే దొరుకుతుందని దాని సారాంశం. ఆ క్లాజు ఉండగా ధరల పెరుగుదల ఇవ్వడం కుదరదని చ. రామలింగారెడ్డి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని ప్రతి హెడ్ కిందా "59వ క్లాజు ప్రకారం తిరస్కరించడమైనది" అని రాసి ఊరుకుంటే సరిపోదు. కె.ఎన్. సత్యపాలన్ కేసులో శాఖే తన బాధ్యత నిలబెట్టుకోనందువల్ల పని సాగిందని తేలినప్పుడు, 2006లో అదే సుప్రీంకోర్టు కాంట్రాక్టర్‌కు పెరిగిన ఖర్చు ఇవ్వడాన్ని సమర్థించింది. కాబట్టి క్లాజును ఉదహరించండి, దాని కిందే వాస్తవాల మీద కూడా జవాబు రాయండి. క్లాజు నిలబడకపోయినా మీ రెండో వాదన మిగిలి ఉంటుంది.

"ఇన్ని రోజుల్లో నోటీసు ఇవ్వలేదు కాబట్టి హక్కే పోయింది" అనే క్లాజులున్నప్పుడు మాత్రం ప్రభుత్వ న్యాయవాది సలహా తీసుకోండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ఇలాంటి కొన్ని షరతులను చెల్లకుండా చేస్తుంది.

ఏ రోజు ఏం ఆగిందో పట్టిక వేయండి

అసలు పని ఇదే. మిగతావన్నీ దీని మీద నిలబడతాయి. సైట్ అప్పగించిన రోజు నుంచి తేదీలవారీగా ఏది ఆగింది, ఎందుకాగింది, ఎప్పుడు మళ్లీ మొదలైంది, ఆధారం ఏ పేజీలో ఉంది అని నాలుగు గడుల పట్టిక తయారు చేయండి. హిండ్రెన్స్ రిజిస్టర్ (ఆటంకాలు రాసే పుస్తకం), సైట్ ఆర్డర్ బుక్, ఎం-బుక్ (కొలతల పుస్తకం) తేదీలు, డ్రాయింగులు పంపిన కవరింగ్ లెటర్లు, సమీక్షా సమావేశాల మినిట్స్ అన్నీ దగ్గర పెట్టుకోండి.

హిండ్రెన్స్ రిజిస్టర్లో ఎక్కువగా కనిపించే ఎంట్రీ ఇలా ఉంటుంది: "డ్రాయింగ్ రానందున పని ఆగింది." దీనికి విలువ లేదు. పైగా ప్రమాదం కూడా, ఎందుకంటే మొత్తం పని ఆగినట్టే చదువుకోవచ్చు. ఉండాల్సింది ఇలా:

"12వ తేదీ ఉదయం నుంచి ఎ బ్లాకు గ్రిడ్ 4 నుంచి 7 వరకు ఫుటింగులు ఆగాయి. రివైజ్డ్ ఫౌండేషన్ డ్రాయింగ్ రాలేదు. అక్కడున్నది 1 ఎక్స్‌కవేటర్, 14 మంది బార్‌బెండర్లు. బి బ్లాకు స్లాబ్ పని నడుస్తోంది, 9 మందిని అటు మార్చారు. 31వ తేదీన డ్రాయింగ్ అందింది, 1వ తేదీ నుంచి పని మొదలు." కింద ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సంతకం, కాంట్రాక్టర్ ప్రతినిధి సంతకం.

ఈ నాలుగు లైన్ల వల్ల మూడేళ్ల తర్వాత ఎంత తేలికవుతుందో చూడండి. ఆగింది మొత్తం భవనం కాదు, నాలుగు గ్రిడ్లే. ఖాళీగా ఉన్నది 14 మంది కాదు, 5గురు. నష్టం తగ్గించుకోవడానికి కాంట్రాక్టర్ ప్రయత్నించాడు కూడా. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ వివరణ ప్రకారం, నష్టాన్ని తగ్గించుకునే దారి ఉందా లేదా అన్నది పరిహారం లెక్కలో చూడాలి. ఈ ఎంట్రీ ఇద్దరి పక్షానా నిజం చెబుతోంది, అందుకే నిలబడుతుంది.

పట్టిక పూర్తయ్యాక ఒకేసారి నడిచిన ఆటంకాలను విడదీయండి. డ్రాయింగ్ రాక 60 రోజులు, అందులోనే వర్షాలకు 20 రోజులు అంటే మొత్తం 60 రోజులే, 80 కాదు. శాఖ తప్పు వల్లా, కాంట్రాక్టర్ దగ్గర సెంట్రింగ్ సామాను లేకపోవడం వల్లా అదే రోజుల్లో పని ఆగితే, ఆ రోజులకు గడువు ఇవ్వడం న్యాయం. డబ్బు ఇవ్వాలా అన్నది వేరే ప్రశ్న. ఆ రోజులను విడిగా చూపండి.

గడువు పొడిగింపు ఫైలుతో సరిచూడండి

చాలా క్లెయిముల్లో శాఖ ఓడిపోయేది ఇక్కడే. రెండేళ్ల కిందట గడువు పొడిగిస్తూ "ఆలస్యం మొత్తం శాఖాపరమైన కారణాల వల్లే" అని నోట్‌లో రాసి, ఎల్‌డీ (ఆలస్యానికి కాంట్రాక్టర్ నుంచి వసూలు చేసే పరిహారం) లేకుండా ఇచ్చేశారు. బిల్లు పాసవ్వడానికి అది తేలిక దారి. ఇప్పుడు క్లెయిముకు జవాబులో "ఆలస్యం కాంట్రాక్టర్ వల్లే" అని రాస్తే ఆ పాత నోటే మీకు ఎదురు తిరుగుతుంది. ఈఓటీ (గడువు పొడిగింపు) ఫైల్లో ఒప్పుకున్న రోజులు, మీ పట్టికలో తేలిన రోజులు పక్కపక్కన వేసి, తేడా ఉంటే ఎందుకో రాయండి. వివరణ లేకపోతే లేదని పై అధికారికి నిజం చెప్పండి. దాచిపెట్టిన కాగితం అవతలి పక్షం దగ్గర ఎలాగూ ఉంటుంది.

కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ కూడా గుర్తుంచుకోండి. అనుకున్న సమయానికి జరగనిదాన్ని తర్వాత అంగీకరించినవాళ్లు, ఆ అంగీకరించే సమయంలోనే పరిహారం కోరతామని నోటీసు ఇవ్వకపోతే తర్వాత అడగలేరు. ఇది రెండు వైపులా వర్తిస్తుంది. గడువు పొడిగించేటప్పుడు పరిహారం వసూలు చేసే హక్కు మాకు ఉందని మీరు రాశారా? సైట్ ఆలస్యంగా తీసుకున్నప్పుడు, పొడిగింపు తీసుకున్నప్పుడు నష్టం అడుగుతానని కాంట్రాక్టర్ రాశాడా, లేక "ఏ క్లెయిమూ లేదు" అని అండర్‌టేకింగ్ ఇచ్చాడా? ఇచ్చి ఉంటే ఏ పరిస్థితుల్లో ఇచ్చాడో చూడండి. చేయాల్సిన చెల్లింపు ఆపి రాయించుకున్న నో-క్లెయిమ్ సర్టిఫికెట్ ప్రతిసారీ అడ్డుపడదని 2011లో ఆర్.ఎల్. కలాథియా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

క్లెయిములను విడగొట్టండి, రావాల్సింది ముందే ఇచ్చేయండి

పన్నెండు హెడ్లనూ ఒకే గాటన కట్టకండి. చేసిన పనికి రావాల్సిన డబ్బు ఒక రకం: ఆఖరి బిల్లు, ఆపిన మొత్తాలు, ఎక్స్‌ట్రా ఐటమ్స్, క్లాజు ప్రకారం ధరల సవరణ. ఆలస్యం వల్ల నష్టం అని అడిగేది రెండో రకం. వడ్డీ మూడోది.

మొదటి రకంలో వివాదం లేని మొత్తాన్ని క్లెయిము తేలేదాకా ఆపడానికి కారణమే లేదు. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఇచ్చిన సాధారణ సూచనల ప్రకారం రన్నింగ్ బిల్లులో (పని నడుస్తుండగా పెట్టే బిల్లులో) అర్హమైన మొత్తంలో కనీసం 75 శాతం 10 పనిదినాల్లో, మిగతాది తనిఖీ తర్వాత 28 పనిదినాల్లో చెల్లించాలి. రాష్ట్ర ప్రభుత్వ పనులకు మీ శాఖ ఉత్తర్వులు చూసుకోండి. పద్ధతిగా మాత్రం ఇది ఎక్కడైనా మంచిదే.

ఎక్స్‌ట్రా ఐటమ్స్‌లో పెద్ద తలనొప్పి నోటిమాటతో చేయించిన పని. తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసర్ ర్యాంప్ వెడల్పు చేయమన్నారు, చేశారు, కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి డబ్బు లేదు అనేస్తే 70వ సెక్షన్ అడ్డొస్తుంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పని ఫలితాన్ని మీరు అనుభవిస్తుంటే దానికి తగిన విలువ కట్టాల్సిందే. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికీ బి.కె. మండల్ సంస్థకూ మధ్య నడిచిన కేసులో పౌరసరఫరాల శాఖ కోసం సరైన ఒప్పందం లేకుండానే కట్టిన గోదాములు, గదుల విషయంలో 1961లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ర్యాంప్ కళ్లెదుటే ఉంది, రోగులు వాడుతున్నారు. కొలతలు తీయండి, ఒప్పందంలోని పద్ధతి ప్రకారం రేటు కట్టండి, అనుమతికి పంపండి.

నష్టం లెక్కను కాంట్రాక్టర్ ఫార్ములాకు వదిలేయకండి

ఆలస్యం క్లెయిముల్లో హెడ్డాఫీసు ఖర్చులు, లాభం పోయిందని హడ్సన్ ఫార్ములా వేస్తారు. దాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. ఒప్పందం 12 కోట్లు, గడువు 24 నెలలు, అంటే నెలకు 50 లక్షలు. కాంట్రాక్టర్ ఓవర్‌హెడ్, లాభం కలిపి 10 శాతం అంటాడు, నెలకు 5 లక్షలు. ఆలస్యం 8 నెలలు. క్లెయిము 40 లక్షలు.

ఇప్పుడు మీ పట్టిక తీయండి. 8 నెలల్లో శాఖ వల్లే ఆగినవి 5 నెలలు అని తేలింది. ఆడిట్ అయిన లెక్కల్లో హెడ్డాఫీసు ఖర్చు టర్నోవర్‌లో 4 శాతమే ఉంది. లాభం పోయిందన్నదానికి ఏ ఆధారమూ ఇవ్వలేదు. నెలకు 2 లక్షల లెక్కన 5 నెలలకు 10 లక్షలు. ఆ నెలల్లోనే కోటి రూపాయల ఎక్స్‌ట్రా ఐటమ్స్ చేశాడు, వాటి రేట్లలో ఓవర్‌హెడ్ కలిసే ఉంది, 4 శాతం అంటే 4 లక్షలు ఇప్పటికే అందాయి. మిగిలింది 6 లక్షలు. ఇలా లెక్క చూపి 6 లక్షలు ఒప్పుకున్న శాఖ మాటకు ఆర్బిట్రేటర్ ముందు ఉండే విలువ, ఒట్టి "తిరస్కరించడమైనది" అన్న మాటకు ఉండదు.

లాభం పోయిందనే క్లెయిము గురించి 2023 అక్టోబరులో వచ్చిన యూనిబ్రోస్ కేసు తీర్పు తప్పక చదవండి. ఢిల్లీ దూరదర్శన్ భవన్ రెండో దశ పని అది. పని మూడేళ్లకు పైగా ఆలస్యమైంది. ఆలస్యమైంది కాబట్టి వేరేచోట సంపాదించుకునే లాభం పోయిందని ఫార్ములా వేసి ఇవ్వడం కుదరదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అందుబాటులో ఉండి వదులుకున్న ఇతర పనులు, ఈ పని వల్ల వెళ్లలేకపోయిన టెండర్లు, ఆర్థిక నివేదికలు లాంటి ఆధారాలు చూపాలంది. మొదటి వారం పంపే ఉత్తరంలో ఆధారాలు అడగమన్నది ఇందుకే.

ఖాళీగా ఉన్న యంత్రాలకు పూర్తి అద్దె అడుగుతారు. అద్దె రేట్లో డీజిల్, ఆపరేటర్ కలిసి ఉంటే, ఆగి ఉన్న యంత్రానికి డీజిల్ ఖర్చు ఉండదు. సొంత యంత్రమా, అద్దెదా అన్నదీ చూడండి.

క్లెయిము వచ్చింది కదా అని ఎల్‌డీ వేయకండి

క్లెయిము అందిన నెలలోనే హఠాత్తుగా పూర్తి ఎల్‌డీ విధిస్తూ ఆర్డర్ ఇస్తే, కక్షతో వేసినట్టే కనిపిస్తుంది. కాంట్రాక్టర్ తప్పు వల్ల ఆగిన రోజులుంటే వాటికి ఎల్‌డీ న్యాయమే. కానీ పట్టికలోని రోజులకే వేయండి, ముందు షోకాజ్ ఇవ్వండి. 2015లో కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం 74వ సెక్షన్ కింద ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, నష్టమే జరగనప్పుడు పరిహారమూ ఉండదు. కాబట్టి భవనం ఆలస్యమవడం వల్ల అద్దె భవనంలో ఎన్ని నెలలు ఎక్కువ ఉన్నారు, పర్యవేక్షణకు ఎంత ఖర్చయింది అన్న కాగితాలు కూడా ఫైల్లో పెట్టండి.

పని రద్దు చేస్తే కొలతలు తీశాకే సైట్ ముట్టుకోండి

రద్దు ఆర్డర్ ఇచ్చిన మర్నాడే కొత్త ఏజెన్సీని దింపాలని పైనుంచి ఒత్తిడి వస్తుంది. ఆ టెన్షన్‌లో పాత పని కొలతలు సరిగ్గా తీయకపోతే, ఏ కాంట్రాక్టర్ ఎంత చేశాడో ఇక ఎవరూ తేల్చలేరు. ఉమ్మడి కొలతలకు తేదీ, సమయం పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో, ఈమెయిల్‌లో పిలవండి. కాంట్రాక్టర్ రాకపోతే రాలేదని పంచనామా రాసి, వేరే డివిజన్ ఇంజనీరు సమక్షంలో కొలవండి. ప్రతి అంతస్తూ వీడియో తీయించండి. స్టోర్‌లో ఎంత స్టీలు, ఎన్ని సిమెంటు బస్తాలు, ఎంత సెంట్రింగ్ సామాను ఉందో జాబితా రాయండి. లోపాలున్న పనిని విడిగా గుర్తించి, సరిచేయించడానికి అయిన ఖర్చు విడి ఖాతాలో చూపండి. బ్యాంకు గ్యారంటీల గడువు తేదీలను క్యాలెండర్లో ఎర్ర ఇంకుతో రాసుకోండి, గడువు దాటితే అది ఉత్త కాగితమే.

కారణాలతో నిర్ణయం రాయండి

ఒక్కో హెడ్‌కి ఎంత అడిగాడు, ఏ ఆధారం ఇచ్చాడు, ఒప్పందం ఏమంటోంది, పట్టిక ఏమంటోంది, ఎంత ఒప్పుకుంటున్నాం, మిగతాది ఎందుకు కాదంటున్నాం అని రాయండి. మీ పరిధి దాటితే ఎస్‌ఈకి (సూపరింటెండింగ్ ఇంజనీరుకు), కమిటీకి పంపండి, అకౌంట్స్ అభిప్రాయం ఫైల్లోనే తీసుకోండి. మిమ్మల్ని రేపు కాపాడేది కూడా ఈ నోటే. కారణాలు రాసి ఇచ్చిన డబ్బును సమర్థించుకోవచ్చు. కారణం లేకుండా కాదన్న దానికి వడ్డీతో సహా కట్టాల్సి వచ్చినప్పుడు ఏం చెబుతారు?

తేడా మిగిలితే ముందు కూర్చుని మాట్లాడండి. కేంద్ర ఆర్థిక శాఖ 2024 జూన్ 3న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆర్బిట్రేషన్ క్లాజును ప్రతి ఒప్పందంలో అలవాటుగా పెట్టకూడదు, 10 కోట్ల లోపు వివాదాలకే దాన్ని పరిమితం చేయాలి, మధ్యవర్తిత్వాన్ని (మీడియేషన్‌ను) ప్రోత్సహించాలి. అంతకుముందు 2023లో వచ్చిన వివాద్ సే విశ్వాస్ రెండో పథకంలో పాత కేసుల్లో ఆర్బిట్రేషన్ అవార్డయితే (ఆర్బిట్రేటర్ తీర్పయితే) 65 శాతం వరకు, కోర్టు తీర్పయితే 85 శాతం వరకు ఇచ్చి ముగించుకునే వీలు కల్పించారు. సెటిల్‌మెంట్ తప్పుడు పని కాదని ప్రభుత్వమే చెబుతోందని మీ నోట్‌లో రాయొచ్చు.

అవార్డు వస్తే రోజులు లెక్కపెట్టండి

అవార్డు అందిన తేదీ నుంచి ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద సవాలు చేయడానికి 3 నెలలు. సరైన కారణం చూపితే మరో 30 రోజులు, అంతే. ఆ తర్వాత ఒక్కరోజు కూడా లేదు. అండమాన్‌లో సునామీ బాధితుల కోసం కట్టిన ఇళ్ల పని కేసులో కేంద్ర ప్రభుత్వం 131 రోజుల ఆలస్యానికి పాలనాపరమైన ఇబ్బందులు కారణంగా చూపితే, 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. డివిజన్ నుంచి ఎస్‌ఈ, సీఈ (చీఫ్ ఇంజనీర్), సచివాలయం, న్యాయశాఖ, మళ్లీ ప్లీడర్ దాకా తిరిగే ఫైలుకు మూడు నెలలు అంటే చాలా తక్కువ. మొదటి వారంలోనే రిమార్కులు తయారు చేయండి.

కోర్టు సాక్ష్యాలను మళ్లీ తూచదు. కాబట్టి "మాకు నచ్చలేదు" అనేది కారణం కాదు. ఏ హెడ్ ఒప్పందానికి, చట్టానికి విరుద్ధమో దాన్నే సవాలు చేయండి, మిగతా హెడ్లు కట్టేయండి. సవాలు వేసినంత మాత్రాన స్టే రాదు, విడిగా అడగాలి. కేంద్ర శాఖలైతే సవాలు చేసినా జీఎఫ్‌ఆర్ (సాధారణ ఆర్థిక నియమాలు) 227ఎ ప్రకారం అవార్డులో 75 శాతం బ్యాంకు గ్యారంటీ మీద చెల్లించాలి. ఈలోగా అవార్డులో వేరేగా చెప్పకపోతే, అవార్డు తేదీన ఉన్న వడ్డీ రేటుకు 2 శాతం కలిపి వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

కట్టాలని నిర్ణయిస్తే ఆ డబ్బు పని ఎస్టిమేట్‌లో మిగిలిన నిధుల్లోంచి లాగాలని చూడకండి. కోర్టు డిక్రీలు, ఆర్బిట్రేషన్ అవార్డుల చెల్లింపు రాజ్యాంగం 112, 202 అధికరణాల ప్రకారం సంచిత నిధి మీద ఛార్జ్డ్ వ్యయం, అంటే చట్టసభ ఓటు అవసరం లేనిది. ఓటెడ్ హెడ్‌లో (చట్టసభ ఓటుతో ఇచ్చే పద్దులో) బిల్లు పెడితే పే అండ్ అకౌంట్స్ వెనక్కి పంపుతుంది, మరో రెండు నెలల వడ్డీ పెరుగుతుంది. ఛార్జ్డ్ హెడ్ కింద బడ్జెట్ ప్రతిపాదన అవార్డు ఒప్పుకున్న రోజునే విడిగా పంపించండి, వడ్డీని ఏ తేదీ వరకు లెక్కించారో అందులో స్పష్టంగా రాయండి.